మైనర్ కీలో స్కేళ్ళు మూడా, ఒకటా?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా తిరిగి చెప్పుకుని జవాబులోకి వస్తాను. మీ అమ్మాయి ఇక్కడే చెన్నైలో కీబోర్డు నేర్చుకుంటూ, ఎ మైనర్‌లో ఎనిమిది బార్ల (తాళపు గళ్ళ) వరుస ఒకటి సొంతంగా కట్టింది. మూడో బార్‌లో ఇ, ఎఫ్, జి షార్ప్ (జి కి ఒక మీట పైన), ఎ అని పైకి ఎక్కింది. ఐదో బార్‌లో ఎ, జి షార్ప్, ఎఫ్, ఇ అని కిందికి దిగింది. హార్మోనిక్ మైనర్ స్కేలు ప్రకారమే రాసినా, మాస్టారు ఆ రెండు చోట్లా ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టారు. ఏడో బార్‌లో ఎడమచేతికి, ఎ మైనర్ కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) పట్టిక చూసి ఇ మైనర్ కార్డు రాస్తే, అందులోని జి చుట్టూ ఇంకో సున్నా పెట్టారు. అదే బార్‌లో కుడిచేయి బి, ఎ, జి షార్ప్ అని దిగినదాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఐదో బార్‌లో తప్పయిన జి షార్ప్ ఏడో బార్‌లో ఎలా ఒప్పయిందన్నది అమ్మాయి సందేహం. కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకున్న మీ సందేహం అంతకంటే లోతైనది: నటభైరవి, కీరవాణి, గౌరీమనోహరి అనే మూడు వేర్వేరు మేళకర్తలను (మాతృ రాగాలను) వీళ్ళు ఒకే కీ అని ఎలా అంటారు?

మాస్టారు చుట్టిన మూడు సున్నాలూ సరైనవే, చుట్టకుండా వదిలినదీ సరైనదే. మైనర్ కీ అంటే ఒకే షడ్జం (స) చుట్టూ తిరిగే ఒకే స్వర కుటుంబం. అందులో షడ్జం నుంచి పంచమం (ప) దాకా ఉన్న ఐదు స్వరాలు స్థిరంగా కూర్చుని ఉంటాయి. ధైవత నిషాదాలు (ధ, ని) రెండూ చేతిలో ఉన్న పనిని బట్టి ఒక స్థానం పైకో కిందికో జరుగుతాయి. ఆ జరుగుళ్ళను పాఠ్యపుస్తకంలో వరుసలుగా పేర్చి చూపించవలసి వచ్చినప్పుడు మూడు స్కేళ్ళు తయారయ్యాయి. స్కేళ్ళను ముందు కంఠస్థం చేసి, వాటిలో ఏది వాడాలని తర్వాత ఆలోచించే పిల్లలందరూ మీ అమ్మాయి పడిన చోటే పడతారు, ఎందుకంటే ఆ ప్రశ్నకు అసలు జవాబు లేదు. ఒక మంచి మైనర్ రచనలో మూడూ కలిసే ఉంటాయి.

స్వరస్థానాలు చెబితే ఈ సంగతి మీకు వెంటనే అందుతుంది. కీబోర్డు మీద తెలుపు నలుపు తేడా చూడకుండా పక్కపక్కనున్న రెండు మీటల మధ్య దూరాన్ని ఒక మెట్టు అనుకుందాం. ఎ మీద షడ్జం పెట్టుకుంటే, బి చతుశ్శ్రుతి రిషభం, సి సాధారణ గాంధారం, డి శుద్ధ మధ్యమం, ఇ పంచమం. ఎఫ్ శుద్ధ ధైవతం, ఎఫ్ షార్ప్ చతుశ్శ్రుతి ధైవతం. జి కైశికి నిషాదం, జి షార్ప్ కాకలి నిషాదం. శుద్ధ ధైవతమూ కైశికి నిషాదమూ తీసుకుంటే నాచురల్ మైనర్, అంటే 20వ మేళం నటభైరవి. శుద్ధ ధైవతాన్ని ఉంచి కాకలి నిషాదం తెచ్చుకుంటే హార్మోనిక్ మైనర్, 21వ మేళం కీరవాణి. రెండింటినీ పైకి జరిపితే మెలోడిక్ మైనర్ ఆరోహణ, 23వ మేళం గౌరీమనోహరి. దాని అవరోహణ తిరిగి నటభైరవికే వచ్చి చేరుతుంది. మధ్యలో మిగిలిన 22వ మేళం ఖరహరప్రియను పాశ్చాత్యులు డోరియన్ మోడ్ (పాత చర్చి స్వర వరుసల్లో ఒకటి) అంటారు, దాన్ని మైనర్ కీ స్కేళ్ళ పట్టికలో వేయరు.

ఈ నాలుగు మేళాలకూ వరుస సంఖ్యలు రావడం వెనుక కారణం మీకు తెలిసిందే. 19 నుంచి 24 దాకా ఉన్న వేద చక్రంలో పూర్వాంగం (స నుంచి మ దాకా) ఒకటే, ఉత్తరాంగం (ప నుంచి పై స దాకా) ఒక్కటే మారుతూ పోతుంది. రెండు కొసల్లోనూ ఉన్న ఝంకారధ్వని, వరుణప్రియ వివాది (ఒకదానికొకటి పొసగని స్వరాలున్న) మేళాలు కాబట్టి వాటిని పక్కన పెడితే, మిగిలిన నాలుగు ఉత్తరాంగాలే మైనర్ కీలో వినబడే నాలుగు నడకలు. మన పద్ధతి ఆ చక్రంలోని ప్రతి గదికీ వేరే తాళం వేసి వేరే పేరు పెట్టింది. వాళ్ళు మధ్య గోడలు తీసేసి ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నారు. మూడు మేళాలు ఒకే కీ ఎలా అవుతాయని మీకు అనిపించడానికి కారణం, మీరు గోడలున్న ఇంట్లో పెరగడమే.

అయితే గోడలు తీసిన గదులు మనకు మాత్రం లేవా? మీరు వర్ణాల దాకా వచ్చారంటే పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి విరిబోణి వర్ణం నేర్చుకునే ఉంటారు, కనీసం వినే ఉంటారు. భైరవి రాగం నటభైరవి జన్యం, అంటే దాని నుంచి పుట్టినది. కాని ఎక్కేటప్పుడు చతుశ్శ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. భైరవిలో రెండు ధైవతాలు ఉన్నాయి కాబట్టి అది రెండు రాగాలని ఎవరూ అనలేదు, అన్య స్వరం తగిలిన భాషాంగ రాగమని మాత్రమే అన్నారు. మెలోడిక్ మైనర్‌ను తొలిసారి అర్థం చేసుకోవడానికి మీకు ఇంతకంటే మంచి తలుపు దొరకదు. రెండింటి మధ్య తేడా కూడా గుర్తుంచుకోవాలి. భైరవిలో నిషాదం ఎక్కినా దిగినా కైశికిగానే ఉంటుంది, మైనర్‌లో అది కూడా జరుగుతుంది. భైరవిలో ధైవతం అలా ఉండడం ఆ రాగ లక్షణం, దానికి బయటి కారణం వెతకనక్కరలేదు. మైనర్‌లో ధైవత నిషాదాలు జరగడానికి కారణం కింద మోగుతున్న కార్డులు.

ఆ కారణం నిషాదంతో మొదలవుతుంది. పాశ్చాత్య సంగీతంలో ఒక వాక్యం ముగిసిందని చెవికి తెలియజేసే ప్రధాన సాధనం, పంచమం మీద కట్టిన కార్డు నుంచి షడ్జం మీద కట్టిన కార్డుకు రావడం. సి మేజర్‌లో ఆ పంచమం కార్డు జి, బి, డి. అందులోని బి కాకలి నిషాదం, షడ్జానికి ఒక్క మెట్టు దూరంలో ఉంటుంది కాబట్టి షడ్జం మీద పడిపోవడానికి తహతహలాడుతుంది. శంకరాభరణం పాడుతూ తారషడ్జం (పై షడ్జం) ముందు నిషాదం మీద ఆగి చూడండి, వినేవాళ్ళు కుదురుగా కూర్చోలేరు. ఎ మైనర్‌లో ఉన్న స్వరాలతోనే పంచమం కార్డు కడితే ఇ, జి, బి వస్తాయి. ఇందులోని జి షడ్జానికి రెండు మెట్ల దూరంలో ఉంది, దానికి ఆ తొందర లేదు. ఆ కార్డు తర్వాత ఎ మైనర్ వస్తే వచ్చినట్టే ఉంటుంది గాని, ఇల్లు చేరినట్టు ఉండదు. అందుకని జి ని ఒక మెట్టు పైకి జరిపి ఇ, జి షార్ప్, బి అని ఇ మేజర్ కార్డు చేశారు. దానికి డి కూడా చేర్చి ఇ సెవెన్ చేస్తే, డి కీ జి షార్ప్‌కీ మధ్య సరిగ్గా ఆరు మెట్ల దూరం ఏర్పడుతుంది. స్థాయిని రెండు సమాన భాగాలు చేసే ఆ దూరం చెవికి నిలకడ ఇవ్వదు. జి షార్ప్ పైకి జరిగి ఎ అవుతుంది, డి కిందికి జరిగి సి అవుతుంది, ఎ మైనర్ కార్డు తయారవుతుంది.

ఇది ఎవరో సిద్ధాంతకర్త కూర్చుని నిర్ణయించిన సంగతి కాదు. చర్చి గాయకులు మోడ్‌లలో పాడుకునే కాలంలోనే, వాక్యం ముగిసే చోట చివరి స్వరానికి ముందున్న స్వరాన్ని కాగితం మీద గుర్తు లేకపోయినా కాస్త ఎత్తి పాడేవారు. అలా రాయకుండానే మార్చి పాడే ఆచారానికి మ్యూజికా ఫిక్టా అని పేరు. ఎ నుంచి ఎ దాకా తెల్లమీటల మీద నడిచే వరుసకు ఏయోలియన్ అనే పేరిచ్చి, దాన్ని మోడ్‌ల లెక్కలో చేర్చింది 1547లో సంగీత సిద్ధాంతకర్త హైన్రిఖ్ గ్లారియన్. అంటే స్కేలు పేరు పుస్తకానికి ఎక్కే నాటికే గాయకుల గొంతులో నిషాదం కదలడం అలవాటై ఉంది. లక్ష్యం (పాడే తీరు) ముందు, లక్షణం (శాస్త్ర నియమం) తర్వాత అనే మాట మన శాస్త్రకారులకు కొత్తది కాదు.

నిషాదం జరిగిన తర్వాత ధైవతానికి కష్టం వచ్చింది. ఎఫ్ నుంచి జి షార్ప్‌కు మూడు మెట్లు. పక్కపక్క స్వరాల మధ్య ఒకటో రెండో మెట్లు ఉండే చోట ఉన్నట్టుండి మూడు మెట్ల గెంతు వస్తుంది. కీరవాణిలో మనకు ఆ గెంతే అందం. శుద్ధ ధైవతం నుంచి కాకలి నిషాదానికి వెళ్ళే ఆ జాగాలోనే ఆ రాగం కరుణ అంతా ఉందని నా అభిప్రాయం. నాలుగు గొంతులు నాలుగు వరుసల్లో కలిసి పాడే బృందగానంలో మాత్రం ఒక గొంతుకు ఆ గెంతు ఇస్తే శ్రుతి తప్పడం సులువు, వరుస తెగినట్టు వినబడడం కూడా సులువు. అందువల్ల కాకలి నిషాదం మీదుగా షడ్జానికి ఎక్కే వరుసలో ధైవతాన్ని కూడా ఒక మెట్టు ఎత్తి ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ అన్నారు. గెంతు పోయి మెట్లు సాఫీ అయ్యాయి. దిగేటప్పుడు షడ్జాన్ని వదిలి వెళుతున్నాం కాబట్టి దానికి దారి చూపే నిషాదంతో పని లేదు. పైగా ఎఫ్ కూ ఇ కీ మధ్య ఒక్క మెట్టే కాబట్టి శుద్ధ ధైవతం పంచమం మీదికి తనంత తానే జారుతుంది. అందుకని ఎ, జి, ఎఫ్, ఇ. మీ అమ్మాయి మూడో బార్‌లోనూ ఐదో బార్‌లోనూ ఉన్న సున్నాలకు కారణం ఇదే. రెండు చోట్లా ఎఫ్, జి షార్ప్ పక్కపక్కన నిలబడ్డాయి.

మరి హార్మోనిక్ మైనర్ అనే స్కేలు ఎందుకున్నట్టు? దాని పేరులోనే జవాబు ఉంది. అది హార్మనీ కోసం, అంటే కార్డులు కట్టుకోవడానికి సరుకులు ఏమున్నాయో చూపే పట్టిక. ఎ మైనర్, డి మైనర్, ఇ మేజర్ అనే మూడు ముఖ్యమైన కార్డులలోని స్వరాలన్నీ ఒక చోట పోసి వరుసగా పేర్చితే వచ్చేది హార్మోనిక్ మైనర్. డి మైనర్‌కు ఎఫ్ కావాలి, ఇ మేజర్‌కు జి షార్ప్ కావాలి, అంతే. ఆ రెండూ వేర్వేరు కార్డుల్లో, తరచు వేర్వేరు గొంతుల్లో ఉంటాయి, కాబట్టి గెంతు ఎవరికీ తగలదు. మెలోడిక్ మైనర్ మెలడీ కోసం, అంటే ఒకే గొంతు మెట్టు మెట్టుగా నడవడానికి. వేళ్ళకు అలవాటు కావాలని ఈ రెండింటినీ సాధన వరుసలుగా వాయించడం వల్ల, పిల్లలకు అవి పాట కట్టే అచ్చులుగా కనబడతాయి. ఇందులో తప్పు పిల్లలది కాదు, స్కేళ్ళను మూడు వారాల్లో మూడు పాఠాలుగా చెప్పి వదిలేసే మా ఉపాధ్యాయులదే.

నేను కూడా ఈ గోతిలో పడ్డవాణ్ణే. పొద్దున మైలాపూరులో గురువుగారి దగ్గర వయొలిన్ పాఠం, మధ్యాహ్నం నుంచి కోడంబాకంలో రికార్డింగు, ఇదీ నా ఇరవయ్యో ఏట దినచర్య. ఒక రోజు తంత్రీ వాద్యాల బృందంలో నాకు వచ్చిన కాగితం మీద ఎ మైనర్‌లో పైకి ఉరికే వరుస ఉంది, ఎఫ్ పక్కన షార్ప్ గుర్తు స్పష్టంగా ఉంది. ఆ నెలంతా కీరవాణి సాధన చేస్తున్న నా వేలు గుర్తును చూడకుండా శుద్ధ ధైవతం మీదే పడింది. నా వెనక సెకండ్ వయొలిన్లు అదే వరుసను కింది స్థాయిలో ఎఫ్ షార్ప్‌తో వాయిస్తున్నాయి. రెండు ధైవతాలూ ఒకేసారి మోగేసరికి టేకు ఆగింది. మూడోసారి కూడా ఆగాక కండక్టరు నా స్టాండు దగ్గరికి వచ్చి, నిషాదానికి వెళ్ళే దారిలో ధైవతం అడ్డు రాకూడదని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. నాకు మెలోడిక్ మైనర్ అర్థమైంది ఆ రోజే. పుస్తకంలో అంతకు ముందే నాలుగు సార్లు చదివి ఉన్నాను.

ఇక ఏడో బార్ సంగతి. ఎక్కేటప్పుడు ఎత్తాలి, దిగేటప్పుడు దించాలి అనేది మొదటి తరగతి సూత్రం. చాలా చోట్ల సరిపోతుంది, కాని అసలు యజమాని దిక్కు కాదు, కింద ఉన్న కార్డు. పంచమం కార్డు మోగుతున్నంతసేపూ జి షార్ప్ ఆ కార్డులో సభ్యురాలు. ఆ సమయంలో వరుస ఎక్కినా దిగినా నిషాదం కాకలిగానే ఉండాలి, లేకపోతే కుడిచేతి జి, ఎడమచేతి జి షార్ప్ ఒకదాన్నొకటి గీరుకుంటాయి. బాఖ్ రచనల్లో పంచమం కార్డు మీద వరుస దిగుతున్నప్పుడు కూడా ఎత్తిన ధైవత నిషాదాలు కనబడడానికి కారణం ఇదే. అవి చూసి స్కేలు తప్పిందని అనుకునే విద్యార్థులు ఏటా ఒకరిద్దరు తగులుతారు. మీ అమ్మాయి ఏడో బార్‌లో బి, ఎ, జి షార్ప్ అని దిగి, మరుసటి బార్‌లో ఎ మీద నిలిచింది. జి షార్ప్ తన దారిన తాను షడ్జానికే వెళ్ళింది, దారిలో ఎఫ్ జోలికి పోలేదు. అందులో దిద్దవలసినదేమీ లేదు. దిద్దవలసింది ఎడమచేయి. పట్టికలోని ఇ మైనర్ నాచురల్ మైనర్ నుంచి తీసిన కార్డు, ముగింపు చోట దాన్ని పెట్టడం వల్ల జి, జి షార్ప్ ఒకే బార్‌లో రెండు చేతుల్లో ఢీకొన్నాయి. మీ అమ్మాయి చెవికి అది అప్పుడే ఎబ్బెట్టుగా తోచి ఉంటుందని, పట్టిక మీద గౌరవం కొద్దీ ఊరుకుందని నా అనుమానం.

చెవికి నమ్మకం కుదరాలంటే ఎ మైనర్, జి మేజర్, ఎఫ్ మేజర్, ఇ మేజర్ అనే నాలుగు కార్డులను ఆ క్రమంలో వాయించమనండి. అడుగున ఎ, జి, ఎఫ్, ఇ అని నటభైరవి అవరోహణ దిగుతుంది. నాలుగో కార్డులో జి షార్ప్ వచ్చి తిరిగి మొదటి కార్డుకు లాక్కుపోతుంది. రెండో కార్డులో కైశికి నిషాదం, నాలుగో కార్డులో కాకలి నిషాదం, రెండూ నాలుగు బార్లలో ఉన్నాయి, ఎవరికీ కీ మారినట్టు అనిపించదు. కీబోర్డు నేర్చుకునే పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు వాయించే బీథోవెన్ ఫర్ ఎలీజ్ కూడా ఎ మైనర్‌దే. దాని తొలి వాక్యంలోనే ఇ, జి షార్ప్, బి అని ఎక్కి సి చేరుతుంది. కాసేపటికి రెండో భాగంలో కింది మామూలు జి ని తాకి, పైనున్న ఎఫ్ కు వెళ్ళి ఎఫ్, ఇ, డి అని దిగుతుంది. ఆ రెండు చోట్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకుని కింద కార్డు ఏమిటో చూడమంటే, నేను ఇంత పొడుగున చెబుతున్నది పది నిమిషాల్లో తెలుస్తుంది.

కీ సిగ్నేచర్‌లో (వరుస మొదట్లో రాసే షార్ప్, ఫ్లాట్ గుర్తుల్లో) జి షార్ప్ ఎందుకు పెట్టరన్న మీ చివరి ప్రశ్నకు ఇప్పుడు సులువుగా జవాబు చెప్పవచ్చు. జి షార్ప్ ఆ ఇంట్లో పని మీద వచ్చిపోయేదే గాని కాపురం ఉండేది కాదు. సిగ్నేచర్‌లో పెడితే దిగిన ప్రతిసారీ దాన్ని రద్దు చేస్తూ నాచురల్ గుర్తు రాయాలి. అందుకని ఎ మైనర్‌కు సి మేజర్ సిగ్నేచరే, అంటే ఖాళీ, ఉంచి అవసరమైన చోట షార్ప్ రాస్తారు. ఈ సి మేజర్, ఎ మైనర్ల చుట్టరికాన్ని మనవాళ్ళు గ్రహభేదం అంటారు: శంకరాభరణం ధైవతాన్ని షడ్జంగా చేసుకుంటే నటభైరవి. తంబురా శ్రుతికి అలవాటు పడిన చెవికి మాత్రం ఈ చుట్టరికం కంటే ఎ మేజర్, ఎ మైనర్ల చుట్టరికమే దగ్గరగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ షడ్జం కదలదు. ఆ చెవి తప్పు కాదు. ఖాళీ సిగ్నేచర్ చూసి అది సి మేజరా, ఎ మైనరా అని తేల్చడానికి వరుస ఎక్కడ సేద తీరుతోందో, జి పక్కన షార్ప్‌లు కనబడుతున్నాయో లేదో చూస్తే చాలు.

జి షార్ప్ అనే మీటనే ఎ ఫ్లాట్ (ఒక మెట్టు దించిన ఎ) అని ఎందుకు రాయరాదని పిల్లలు అడుగుతారు. షట్‌శ్రుతి రిషభానికీ సాధారణ గాంధారానికీ మీట ఒకటే అయినా మనం పేరు మార్చి పిలవడం ఎందుకో అదే ఇక్కడా కారణం. ఏడు స్వరాలకు ఏడు అక్షరాలు, ఒక్కొక్కటి ఒక్కసారి. ఈ నియమం పాటించడం వల్లే జి షార్ప్ మైనర్‌లో కాకలి నిషాదానికి ఎఫ్ డబుల్ షార్ప్ (రెండు మెట్లు ఎత్తిన ఎఫ్) అని రాయవలసి వస్తుంది, మీట చూస్తే మామూలు జి. భయపడనక్కరలేదు, ఆ కీ మీ అమ్మాయికి ఇప్పట్లో రాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. స్థానాలు కలిశాయి కదా అని హార్మోనిక్ మైనర్ ఎక్కి దిగితే కీరవాణి అయిపోదు. త్యాగరాజస్వామి కలిగియుంటే కీర్తన కీరవాణిలో, గురులేక ఎటువంటి కీర్తన గౌరీమనోహరిలో విని, వెంటనే కీబోర్డు మీద ఆ స్కేళ్ళు వాయించి చూడండి. ఎముకలు అవే, మనిషి వేరు. కీబోర్డు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి ఒక్కొక్క మెట్టుకు సరిగ్గా నూరు సెంట్లు పంచుతుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడడం, ఆ మీటల మధ్య ఉన్న చోట్లలో బతుకుతుంది. మన ఊరికి పాశ్చాత్య బాణీలతో పరిచయం కొత్తది కాదు. ముత్తుస్వామి దీక్షితులు మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోట బ్యాండు బాణీలు విని నోట్టుస్వరాలనే పాటలు కట్టారు, వారి తమ్ముడు బాలుస్వామి వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చారు. కాని ఆ నోట్టుస్వరాలు శంకరాభరణంలోనే ఉన్నాయి. శంకరాభరణానికీ మేజర్‌కూ అంత పాత స్నేహం ఉండగా, మైనర్ దగ్గరికి వచ్చేసరికి మన చెవి తన రాగాలనే ముందు వింటుంది. అందులో నష్టం లేదు, రెండు లెక్కలూ కలపకుండా ఉంటే చాలు.

జాజ్ వాళ్ళు మెలోడిక్ మైనర్‌ను ఎక్కినా దిగినా ఒకేలా, అంటే నికరమైన గౌరీమనోహరిలా వాయిస్తారు. గ్రేడు పరీక్షల్లో మాత్రం దిగేటప్పుడు నాచురల్‌గానే వాయించాలి. ఏది వాయించమన్నారో ముందే అడిగి తెలుసుకుంటే సరిపోతుంది.

సాధనకు నేను చెప్పేది ఒక్కటే. ఎ శ్రుతి పెట్టి, ఎడమచేతితో కార్డు పట్టుకుని, పంచమం నుంచి తారషడ్జం దాకా నాలుగు స్వరాలే పాడించండి. కింద ఇ మేజర్ ఉన్నప్పుడు పైకి వెళ్ళే వరుసలో రెండూ ఎత్తి పాడాలి. ఎ మైనర్ ఉన్నప్పుడు కిందికి దిగే వరుసలో రెండూ దించి పాడాలి. డి మైనర్ ఉన్నప్పుడు శుద్ధ ధైవతం మీద నిలిచి పంచమానికి జారాలి. డి మైనర్ బదులు డి మేజర్ పెట్టి చతుశ్శ్రుతి ధైవతం మీద నిలిచి చూస్తే ఖరహరప్రియ వాసన వస్తుంది, అది బోనసు. పూర్వాంగం జోలికి పోనవసరం లేదు, అక్కడ ఏమీ మారదు. వర్ణాల దాకా వచ్చిన మీరే పక్కన కూర్చుని స్వరం అందిస్తే, మాస్టారు చెప్పలేనిది కూడా అమ్మాయికి పట్టుబడుతుంది.

ఆ ఎనిమిది బార్లను చించి కొత్తగా రాయనక్కరలేదు. మూడో బార్‌లో ఎఫ్ కు షార్ప్ చేర్చి ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ చేయమనండి. ఐదో బార్‌లో ఎడమచేయి ఎ మైనర్ మీద ఉంటే జి పక్కన షార్ప్ చెరిపి ఎ, జి, ఎఫ్, ఇ చేయమనండి. ఏడో బార్‌లో ఎడమచేతి జి ని జి షార్ప్ చేసి, చోటుంటే డి కూడా చేర్చమనండి. కుడిచేతి బి, ఎ, జి షార్ప్ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. ఎనిమిదో బార్ చివరి కార్డులో సి కి బదులు సి షార్ప్ పెట్టి, అంటే అంతర గాంధారంతో, ఒకసారి ముగించి వినమనండి. మైనర్ రచనను మేజర్ కార్డుతో ముగించే ఆ పాత అలవాటుకు పికార్డీ థర్డ్ అని పేరు. అది నచ్చితే ఉంచుకోవచ్చు, మాస్టారు దాని చుట్టూ సున్నా పెట్టరు.